బ్రౌజర్‌లో పీడీఎఫ్ ఎందుకంత నెమ్మది? తేలికపాటి రీడర్లతో తీరేదెంత, తీరనిదెంత?

దరఖాస్తుకు చివరి రోజు. నోటిఫికేషన్ లింకు నొక్కితే బ్రౌజర్‌లో కొత్త ట్యాబ్ తెరుచుకుంటుంది. బూడిద రంగు తెర మీద చక్రం తిరుగుతూ ఉంటుంది. కాసేపటికి మొదటి పేజీ కనిపిస్తుంది. అర్హతలు ఎక్కడున్నాయో చూద్దామని కిందికి జరిపితే మళ్లీ తెల్ల కాగితమే. 4 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ అయితే ఈలోగా మిగతా ట్యాబ్‌లు కూడా బిగుసుకుపోతాయి. నెట్ బాగాలేదనో, కంప్యూటర్ పాతబడిందనో అనుకుని చాలామంది అక్కడితో వదిలేస్తారు. కొందరు నెట్ సెంటర్‌కు వెళ్లి డబ్బులిచ్చి ప్రింటు తీయించుకుంటారు.

అదే ఫైలును కంప్యూటర్‌లో సేవ్ చేసుకుని, పది ఎంబీలకు అటూ ఇటూగా ఉండే చిన్న రీడర్‌తో తెరిస్తే చాలాసార్లు క్షణాల్లో తెరుచుకుంటుంది. సమస్యకు చిన్న జవాబు ఇదే. అయితే అన్ని పీడీఎఫ్‌లకూ ఇది పనిచేయదు. కొన్ని పత్రాల విషయంలో తేలికపాటి రీడర్ వాడితే అసలు పనే చెడుతుంది. ఏది ఎప్పుడు వాడాలో తెలియాలంటే ఆలస్యం ఎక్కడ జరుగుతోందో ముందు తెలియాలి.

ఇది సాంకేతిక ఆసక్తి ఉన్నవారికి మాత్రమే పట్టే విషయం కాదు. భారత ప్రభుత్వ గెజిట్ ముద్రణ 2015 అక్టోబరు 1 నుంచి ఆగిపోయింది. అప్పటి నుంచి అది ఎలక్ట్రానిక్ రూపంలోనే వెలువడుతోంది. ఓటర్ల జాబితా, కోర్టు తీర్పు, ప్రభుత్వ ఉత్తర్వు, పరీక్ష హాల్ టికెట్, ఈ-ఆధార్ అన్నీ పీడీఎఫ్‌లే. తెరుచుకోని పీడీఎఫ్ అంటే ఆ మేరకు అందని సమాచారమే.

వెబ్ కోసం పుట్టని ఫైలు

పీడీఎఫ్‌ను అడోబీ సంస్థ 1993లో విడుదల చేసింది. ఆ సంస్థ సహ వ్యవస్థాపకుడు జాన్ వార్నాక్ 1991లో ‘క్యామెలాట్’ పేరుతో మొదలుపెట్టిన ప్రాజెక్టు దీనికి మూలం. ఏ కంప్యూటర్‌లో తెరిచినా, ఏ ప్రింటర్‌లో వేసినా పేజీ ఒకేలా కనిపించాలన్నది అప్పటి లక్ష్యం. అంటే ఇది కాగితానికి ప్రతిరూపం. ఇంటర్నెట్‌లో ముక్కముక్కలుగా రావడం, చిన్న తెరకు తగ్గట్టు సర్దుకోవడం అప్పటి ఆలోచనలో లేవు. 2008లో ఇది ఐఎస్‌ఓ ప్రమాణంగా మారినా ఆ మూల స్వభావం పోలేదు.

ఆలస్యానికి మొదటి కారణం ఇక్కడే ఉంది. పీడీఎఫ్‌లో ఏ పేజీ సమాచారం ఎక్కడుందో చెప్పే పట్టిక ఫైలు చివర్లో ఉంటుంది. విషయసూచికను ఆఖరి పేజీలో వేసే పాత తెలుగు పుస్తకాల్లాంటిదే ఇది. ఫైలు కంప్యూటర్‌లోనే ఉంటే చివరికి వెళ్లి చూడటం పెద్ద పని కాదు. ఫైలు ఎక్కడో సర్వర్‌లో ఉన్నప్పుడు మాత్రం బ్రౌజర్‌కు రెండే దారులు. సర్వర్ అనుమతిస్తే చివరి ముక్కను ముందుగా అడిగి తెప్పించుకుని, తర్వాత కావలసిన పేజీల ముక్కలు అడగాలి. అనుమతించకపోతే ఫైలు మొత్తం దిగేదాకా ఆగాలి. 80 ఎంబీల ఫైలులో మూడో పేజీ ఒక్కటే కావాలన్నా 80 ఎంబీలూ రావాల్సిందే.

దీనికి విరుగుడు కూడా పీడీఎఫ్ ప్రమాణంలోనే ఉంది. ‘లీనియరైజేషన్’ అంటారు. అడోబీ తన సాఫ్ట్‌వేర్‌లో దీనికి ‘ఫాస్ట్ వెబ్ వ్యూ’ అని పేరు పెట్టింది. మొదటి పేజీకి కావలసినవన్నీ, పట్టికతో సహా, ఫైలు ముందుభాగానికి తెచ్చి సర్దడమే ఈ పద్ధతి. సేవ్ చేసేటప్పుడు ఒక టిక్కు పెడితే అయిపోయే పని. ఆ టిక్కు పెట్టే కార్యాలయాలు తక్కువ.

బ్రౌజర్ లోపల నడిచేవి రెండు రకాలు

ఒకప్పుడు బ్రౌజర్‌లో పీడీఎఫ్ తెరవాలంటే అడోబీ ప్లగిన్ ఉండాలి. అది బరువైనది, భద్రతా లోపాలకు పేరుపడ్డది. ప్లగిన్ కుప్పకూలితే బ్రౌజర్ కూడా దానితోపాటే పోయేది. 2010లో క్రోమ్ సొంత వ్యూయర్‌ను జోడించింది. తర్వాత 2015లో క్రోమ్, 2017లో ఫైర్‌ఫాక్స్ పాత తరహా ప్లగిన్లకు తలుపులు మూసేశాయి.

ఇప్పుడు క్రోమ్‌లో ఉన్నది పీడీఎఫియమ్ అనే ఇంజిన్. ఫాక్సిట్ సంస్థ కోడ్ ఆధారంగా వచ్చిన దీన్ని గూగుల్ 2014లో ఓపెన్ సోర్స్ చేసింది. సీ ప్లస్ ప్లస్ భాషలో రాసిన ప్రోగ్రామ్ కాబట్టి వేగం బాగానే ఉంటుంది. మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ కూడా క్రోమియమ్ మీదే నడుస్తుంది కాబట్టి అందులోనూ మొదట ఇదే ఉండేది. అడోబీ అక్రోబాట్ ఇంజిన్‌ను ఎడ్జ్‌లోకి తెస్తున్నట్టు 2023లో రెండు సంస్థలూ ప్రకటించాయి.

ఫైర్‌ఫాక్స్ దారి వేరు. మొజిల్లా 2011లో మొదలుపెట్టిన పీడీఎఫ్.జేఎస్ పూర్తిగా జావాస్క్రిప్ట్‌తో రాసింది. 2013 ఫిబ్రవరిలో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 19 నుంచి అదే మామూలు వ్యూయర్. ఇందులో ఒక తెలివైన ఆలోచన ఉంది. వెబ్ పేజీకి ఉన్న హద్దులే పీడీఎఫ్‌కూ ఉంటాయి. ప్రమాదకరమైన ఫైలు వచ్చినా కంప్యూటర్ లోపలికి చేయి పెట్టడం కష్టం. దానికి చెల్లించే మూల్యం వేగం. అక్షరాలు మాత్రమే ఉన్న ఫైలైతే తేడా తెలియదు. పెద్ద బొమ్మలు, మ్యాపులు, వేల గీతలున్న ఇంజినీరింగ్ డ్రాయింగులు వస్తే తెలుస్తుంది. పైగా పీడీఎఫ్.జేఎస్ మెమరీ పొదుపు కోసం గీసిన పేజీల్లో పదింటిని మాత్రమే ఉంచుకుని మిగతావి వదిలేస్తుంది. అందుకే ఇరవై పేజీలు ముందుకెళ్లి వెనక్కి వస్తే చూసిన పేజీ కూడా మళ్లీ మొదటి నుంచి గీయాల్సి వస్తుంది.

క్రోమ్ పీడీఎఫ్‌లకు వేగవంతమైనదే అయినా దాని అసలు బరువు వేరే చోట ఉంది. ప్రతి ట్యాబ్, ప్రతి ఎక్స్‌టెన్షన్ మెమరీలో విడిగా చోటు తీసుకుంటాయి. అప్పటికే పదిహేను ట్యాబ్‌లున్న చిన్న కంప్యూటర్‌లో పీడీఎఫ్‌కు మిగిలేది చాలా తక్కువ.

స్కాన్ చేసిన కాగితం అసలు బరువు

వేగం సంగతి ఎక్కడ చర్చకు వచ్చినా బ్రౌజర్ల పేర్లే వినిపిస్తాయి. కానీ భారతీయ పాఠకుడికి ఎక్కువగా ఎదురయ్యే నెమ్మది పీడీఎఫ్‌లకు మూలం స్కానర్. కంప్యూటర్‌లో టైపు చేసిన ఉత్తర్వును ప్రింటు తీసి, సంతకం పెట్టి, ముద్ర వేసి, మళ్లీ స్కాన్ చేసి వెబ్‌సైట్‌లో పెట్టడం ఎన్నో కార్యాలయాల్లో అలవాటు. అక్షరాలుగా కొన్ని కిలోబైట్లలో సరిపోయేది ఆ దెబ్బతో బొమ్మగా మారుతుంది.

లెక్క వేస్తే దీని బరువు అర్థమవుతుంది. ఏ4 కాగితాన్ని అంగుళానికి 300 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే 2480 అడ్డం, 3508 నిలువు, అంటే సుమారు 87 లక్షల చుక్కలు. తెర మీద చూపించడానికి ఒక్కో చుక్కకు నాలుగు బైట్లు కావాలి. ఒక్క పేజీకి దాదాపు 35 ఎంబీల మెమరీ. కుదించి ఉంచడం వల్ల ఫైలు సైజు 200 కిలోబైట్లే కనిపించవచ్చు. విప్పినప్పుడు మాత్రం 35 ఎంబీలు అవుతుంది. చదివేవాడు వేగంగా కిందికి జరుపుతూ పది పేజీలు దాటితే 350 ఎంబీల విలువైన పని. ఫైలు చిన్నదే కదా, ఎందుకింత ఆలస్యం అని ఆశ్చర్యపోయేవారికి జవాబు ఇది.

కుదించిన పద్ధతి కూడా లెక్కలోకి వస్తుంది. ఫోన్ కెమెరాలు వాడే మామూలు జేపెగ్ త్వరగా విప్పుకుంటుంది. జేపెగ్ 2000 అనే మరో పద్ధతి ఉంది. పేరు దగ్గరగా ఉన్నా లోపలి గణితం పూర్తిగా వేరు. ఇంకా చిన్న ఫైలు ఇస్తుంది, విప్పడానికి ప్రాసెసర్‌ను బాగా శ్రమ పెడుతుంది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరికే పాత పుస్తకాల పీడీఎఫ్‌లలో చాలావాటి లోపల ఉన్నది ఇదే.

పాత తెలుగు పుస్తకాలు చదివేవారికి ఈ అనుభవం బాగా తెలుసు. టర్నర్ పురస్కార గ్రహీత, చిత్తూరు జిల్లాలో పుట్టిన రాజ్ రెడ్డి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి నడిపించిన మిలియన్ బుక్స్ ప్రాజెక్టులో భాగంగా, బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ కేంద్రంగా డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా నడిచింది. అందులో స్కాన్ చేసిన లక్షల పుస్తకాలు తర్వాత ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరాయి. ‘ఇన్.ఎర్నెట్.డీఎల్‌ఐ’ అని మొదలయ్యే పేర్లతో కనిపించేవి అవే. నాలుగు వందల పేజీల అలాంటి పుస్తకాన్ని బ్రౌజర్‌లో పీడీఎఫ్‌గా తెరవడం కంటే ఆ సైట్‌లోనే ఉన్న బుక్‌రీడర్‌లో చదవడం నయం. అది ఒక్కో పేజీ బొమ్మను కావలసినప్పుడే తెస్తుంది. కొన్ని పాత పుస్తకాలకు పీడీఎఫ్‌తోపాటు ‘డెజావూ’ రూపంలోనూ ఫైలు ఉంటుంది. కృత్రిమ మేధ రంగంలో ప్రసిద్ధుడైన యాన్ లెకన్, ఆయన సహచరులు ఏటీ అండ్ టీ ప్రయోగశాలలో 1990లలో స్కాన్ పుస్తకాల కోసమే తయారు చేసిన పద్ధతి అది. ఫైలు చిన్నది, పేజీలు తిప్పడం సులువు. బ్రౌజర్లు దాన్ని తెరవవు. కింద చెప్పే రీడర్లలో కొన్ని తెరుస్తాయి.

ఫైర్‌ఫాక్స్ వాడేవారికి ఒక మాట. జేపెగ్ 2000 బొమ్మలను విప్పే భాగాన్ని పీడీఎఫ్.జేఎస్ 2024లో మార్చుకుంది. జావాస్క్రిప్ట్ కోడ్ స్థానంలో ఓపెన్‌జేపెగ్ అనే వేగవంతమైన లైబ్రరీ వచ్చింది. పాత వెర్షన్‌లో చిరాకు పడి బ్రౌజర్ మార్చాలనుకునేవారు ముందు ఉన్నదాన్ని అప్‌డేట్ చేసి చూడటం మంచిది.

ఆలస్యం ఎక్కడో ఒక నిమిషంలో తేల్చడం

పరీక్ష చాలా సులువు. పీడీఎఫ్ లింకును నొక్కకుండా దాని మీద రైట్ క్లిక్ చేసి ‘సేవ్ లింక్ యాజ్’ ఎంచుకోవాలి. ఫైలు దిగాక దాన్ని అదే బ్రౌజర్ కిటికీలోకి లాగి వదలాలి.

దిగడానికే చాలాసేపు పట్టి, దిగాక వెంటనే తెరుచుకుంటే సమస్య నెట్‌ది లేదా సర్వర్‌ది. ఏ రీడర్ వేసుకున్నా లాభం లేదు. రద్దీ తగ్గాక ప్రయత్నించాలి. ఫలితాలు విడుదలైన రోజు ప్రభుత్వ సర్వర్లకు ఇది మామూలే. త్వరగా దిగి, కంప్యూటర్‌లో ఉన్న ఫైలు కూడా బ్రౌజర్‌లో ఈడుస్తూ తెరుచుకుంటే ఆలస్యం గీసే దగ్గర జరుగుతోంది. తేలికపాటి రీడర్ అక్కరకొచ్చేది ఇక్కడే. మూడో అవకాశం కూడా ఉంది. అదే ఫైలు ప్రైవేట్ విండోలో బాగా తెరుచుకుంటే ఏదో ఎక్స్‌టెన్షన్ అడ్డుపడుతోందని అర్థం. ఆ పీడీఎఫ్ టూల్ ఎప్పుడు వేసుకున్నారో చాలామందికి గుర్తుండదు, తీసేస్తే సరి.

ఏ రీడర్?

విండోస్‌లో ఎక్కువగా వినిపించే పేరు సుమత్రా పీడీఎఫ్. క్రిష్టోఫ్ కోవల్‌చిక్ అనే ప్రోగ్రామర్ 2006లో విడుదల చేసిన ఓపెన్ సోర్స్ రీడర్ ఇది. ఉచితం, ప్రకటనలు ఉండవు. ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా నడిపే పోర్టబుల్ వెర్షన్ కూడా ఉంది. కళాశాల ల్యాబ్‌లోనో, ఆఫీసు కంప్యూటర్‌లోనో కొత్త సాఫ్ట్‌వేర్ వేసే అనుమతి లేనివారికి ఇది ఉపయోగం. పీడీఎఫ్‌తోపాటు ఈపబ్, డెజావూ, కామిక్ పుస్తకాల ఫైళ్లనూ తెరుస్తుంది. వందల ఎంబీల అడోబీ రీడర్ పక్కన దీని సైజు చూస్తే ఇదంతా ఎలా ఇమిడిందా అనిపిస్తుంది. రహస్యం దాని లోపలి ఇంజిన్ మ్యూపీడీఎఫ్‌లో ఉంది. ఘోస్ట్‌స్క్రిప్ట్ తయారీదారు ఆర్టిఫెక్స్ సంస్థ సీ భాషలో రాసిన ఈ ఇంజిన్‌ను మొదటి నుంచీ తక్కువ మెమరీలో వేగంగా నడిచేలా రూపొందించారు.

లినక్స్‌లో వెతుక్కోవాల్సిన పనిలేదు. గ్నోమ్ డెస్క్‌టాప్‌తో 2025 వరకు ఎవిన్స్ వచ్చేది, కేడీఈతో ఓక్యులర్ వస్తుంది. రెండూ పాప్లర్ అనే లైబ్రరీ మీద నడుస్తాయి. 1995లో వచ్చిన ఎక్స్‌పీడీఎఫ్ నుంచి చీలిన కొమ్మ అది. మరీ పాత కంప్యూటర్‌కు మ్యూపీడీఎఫ్ సొంత వ్యూయర్ సరిపోతుంది. దానిలో మెనూలు దాదాపు లేవు, కీబోర్డుతోనే పని. మ్యాక్‌లో ప్రివ్యూ ఉండగా మరొకటి అవసరం పడేది అరుదు.

ఫోన్ల పరిస్థితి కొంచెం వేరు. ఆండ్రాయిడ్‌లో క్రోమ్ చాలాకాలం పీడీఎఫ్‌ను తానుగా తెరవలేదు, దించి మరో యాప్‌కు అప్పగించేది. ఆ మరో యాప్ చాలా ఫోన్లలో గూగుల్ డ్రైవ్ వ్యూయర్. మామూలు వాడకానికి అది చాలు. పెద్ద స్కాన్ పుస్తకాలకు మ్యూపీడీఎఫ్ వారి ఆండ్రాయిడ్ వ్యూయర్ ఉంది. ఐఫోన్‌లో ఫైల్స్ యాప్‌లో సేవ్ చేసుకుని తెరిస్తే సరిపోతుంది.

ప్రతిసారీ రైట్ క్లిక్ చేయడం విసుగనిపిస్తే బ్రౌజర్‌కే చెప్పి పెట్టవచ్చు. క్రోమ్‌లోగానీ ఎడ్జ్‌లోగానీ సెట్టింగ్స్ తెరిచి, పైన వెతికే పెట్టెలో ‘పీడీఎఫ్’ అని ఇంగ్లిష్‌లో టైపు చేస్తే ‘పీడీఎఫ్ డాక్యుమెంట్స్’ అనే చోటుకు దారి కనిపిస్తుంది. అక్కడ తెరవడానికి బదులు డౌన్‌లోడ్ చేయమని ఎంచుకోవాలి. ఫైర్‌ఫాక్స్‌లో సెట్టింగ్స్‌లోని జనరల్ భాగంలో ‘అప్లికేషన్స్’ అనే పట్టిక ఉంటుంది. అందులో పోర్టబుల్ డాక్యుమెంట్ ఫార్మాట్ ఎదురుగా నేరుగా సుమత్రాను ఎంచుకోవచ్చు. అప్పుడు లింకు నొక్కగానే ఫైలు దిగి, చిన్న రీడర్‌లోనే తెరుచుకుంటుంది.

తేలికపాటి రీడర్ పనికిరాని చోట్లు

మొదటిది డిజిటల్ సంతకం. ఈ-ఆధార్ పీడీఎఫ్‌ను సుమత్రాలో తెరవవచ్చు. పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు పెద్ద బడిలో, వెంటనే పుట్టిన సంవత్సరం కొడితే తెరుచుకుంటుంది. కానీ దాని మీదున్న సంతకం అసలుదో కాదో తేల్చదు. తేల్చాలంటే భారత ప్రభుత్వ సర్టిఫైయింగ్ అథారిటీల కంట్రోలర్ మూల సర్టిఫికెట్‌ను నమ్మినట్టు రీడర్‌కు చెప్పి, సంతకాన్ని దానితో సరిచూడాలి. అడోబీ రీడర్‌లో ప్రశ్నార్థకం స్థానంలో ఆకుపచ్చ టిక్కు వచ్చే ప్రక్రియ అదే. లినక్స్‌లో ఓక్యులర్ కూడా సంతకాలను పరిశీలించగలదు. ఎవరో పంపిన సర్టిఫికెట్‌నో ఒప్పందాన్నో నమ్మి డబ్బు ఇవ్వబోయే ముందు మాత్రం వేగం కోసం చూడకూడదు.

రెండోది ఎక్స్‌ఎఫ్‌ఏ ఫారాలు. తెరవగానే ‘దయచేసి వేచి ఉండండి’ అనే అర్థం వచ్చే ఇంగ్లిష్ వాక్యం కనిపించి, ఎంతసేపున్నా అదే ఉంటే అది నెమ్మది కాదు. ఆ రీడర్‌కు ఆ ఫారం అర్థం కాలేదని లెక్క. కెనడా వీసాకు దరఖాస్తు చేసే తెలుగు విద్యార్థులకు ఇది చిరపరిచితం. అక్కడి వలస విభాగం ఫారాలు చాలా ఇలాంటివే. నింపాక ‘వ్యాలిడేట్’ బటన్ నొక్కితే బార్‌కోడ్ రావాలి, అందుకు అడోబీ రీడర్ కావాలి. మన కార్పొరేట్ వ్యవహారాల శాఖ పాత ఈ-ఫారాలతో చార్టర్డ్ అకౌంటెంట్లు పడిన తిప్పలూ ఇవే. ఫైర్‌ఫాక్స్ 2021 అక్టోబరులో వచ్చిన 93వ వెర్షన్ నుంచి ఈ ఫారాలను చూపిస్తోంది. అయినా సమర్పించాల్సిన ఫారాన్ని అడోబీలో నింపడమే క్షేమం.

మూడోది భద్రత. ఇందులో రెండు వైపులా వాదన ఉంది. చిన్న రీడర్లలో హంగులు తక్కువ కాబట్టి దాడికి సందులూ తక్కువ. మరోవైపు బ్రౌజర్‌కు కంచె ఉంటుంది, తనంతట తాను అప్‌డేట్ అవుతుంది. పోర్టబుల్ సుమత్రాను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని మూడేళ్లు అలాగే వాడేవారికి ఆ రక్షణ లేదు. అలాగని బ్రౌజర్ వ్యూయర్లు దుర్భేద్యమూ కాదు. 2015 ఆగస్టులో ఫైర్‌ఫాక్స్ పీడీఎఫ్ వ్యూయర్‌లోని లోపాన్ని వాడుకుని ఒక వెబ్ ప్రకటన ద్వారా కంప్యూటర్లలోని ఫైళ్లు దొంగిలించారు. పీడీఎఫ్.జేఎస్‌లో మరో తీవ్ర లోపాన్ని 2024 మేలో ఫైర్‌ఫాక్స్ 126తో సరిదిద్దారు. ఆచరణలో తేలేది ఇంతే: ఎవరు పంపారో తెలియని పీడీఎఫ్‌ను అప్‌డేట్ చేసిన బ్రౌజర్‌లో చూడటం మేలు, తెలిసిన చోటు నుంచి దించుకున్న బరువైన పీడీఎఫ్‌ను చిన్న రీడర్‌లో.

ఫోన్లో ‘పీడీఎఫ్ రీడర్’ అని వెతికి ముందు కనిపించిన యాప్ వేసుకోవడం వీటన్నిటికంటే ప్రమాదం. అనాట్సా అనే బ్యాంకింగ్ మాల్‌వేర్ పీడీఎఫ్ రీడర్, క్యూఆర్ రీడర్ వేషాల్లో గూగుల్ ప్లే స్టోర్‌లోకి చొరబడిందని, రెండు యాప్‌లు కలిపి 70 వేలకు పైగా ఫోన్లలోకి వెళ్లాయని భద్రతా సంస్థ జీస్కేలర్ 2024 మేలో వెల్లడించింది. పీడీఎఫ్ చదవడానికి యాప్ యాక్సెసిబిలిటీ అనుమతి అడిగితే వెంటనే తీసేయాలి.

ఫైలునే తేలిక చేయడం

ఒకే పీడీఎఫ్‌ను పదేపదే వాడాల్సి వస్తే, లేదా పదిమందికి పంపాల్సి వస్తే రీడర్ కంటే ఫైలును బాగుచేయడం మంచిది. క్యూపీడీఎఫ్ అనే ఉచిత ఉపకరణం పేజీల నాణ్యతను తాకకుండా ఫైలును లీనియరైజ్ చేస్తుంది. ఘోస్ట్‌స్క్రిప్ట్ బొమ్మల నాణ్యత తగ్గించి సైజు దించుతుంది. అందులో ‘ఈబుక్’ అనే అమరిక బొమ్మలను అంగుళానికి 150 చుక్కలకు తెస్తుంది. 300 నుంచి 150కి దిగితే విప్పాల్సిన చుక్కలు నాలుగో వంతు అవుతాయి. తెర మీద చదవడానికి అది చాలు. ‘స్క్రీన్’ అనే అమరిక 72కు దించుతుంది. తెలుగు వత్తులు, గుడులు అంత తక్కువలో అలుక్కుపోతాయి కాబట్టి మన లిపికి అది పనికిరాదు.

కుదింపు వల్ల అక్షరాలు మసకబారడం ఒక్కటే కాదు, మారిపోయే ప్రమాదమూ ఉంది. కొన్ని జిరాక్స్ యంత్రాలు స్కాన్ చేసిన పత్రాల్లో అంకెలను తారుమారు చేస్తున్నాయని జర్మన్ కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ క్రీసెల్ 2013లో బయటపెట్టారు. 6 ఉన్న చోట 8 పడింది. ఒకేలా కనిపించే ముక్కలను ఒకే బొమ్మతో భర్తీ చేసే జేబిగ్2 కుదింపు దానికి కారణం. సర్వే నంబర్లు, విస్తీర్ణాలు ఉన్న భూమి పత్రాలను కుదించేవారు అసలు కాపీని పక్కన ఉంచుకోవాలి.

ఆన్‌లైన్‌లో ఉచితంగా పీడీఎఫ్ కుదించే సైట్లకు ఆధార్, పాన్, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఎక్కించడం మరో సమస్య. ఫైలు వేరొకరి సర్వర్‌కు వెళ్తుంది. ఉచిత ఫైల్ కన్వర్టర్ల పేరుతో మాల్‌వేర్ అంటగడుతున్నారని అమెరికా ఎఫ్‌బీఐ డెన్వర్ కార్యాలయం 2025 మార్చిలో హెచ్చరించింది. పైన చెప్పిన రెండు ఉపకరణాలూ సొంత కంప్యూటర్‌లోనే, నెట్ లేకుండానే పనిచేస్తాయి.

వేగం వచ్చినా వెతకడం కుదరని ఫైళ్లు

తేలికపాటి రీడర్‌లో ఓటర్ల జాబితా చకచకా కదులుతుంది. పేరు వెతికితే మాత్రం దొరకదు. ఎందుకంటే అందులో అక్షరాలు లేవు, బొమ్మలే ఉన్నాయి. వెతకడానికి వీలైన రూపంలో జాబితా ఇవ్వాలంటూ కాంగ్రెస్ నేత కమల్‌నాథ్ వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2018 అక్టోబరు 12న కొట్టివేసింది. కావాలంటే పిటిషనరే తన శ్రమతో ఆ రూపంలోకి మార్చుకోవచ్చని చెప్పింది. తెలుగులో దీనికి తోడు మరో చిక్కు ఉంది. అను ఫాంట్లతో చేసిన పాత పత్రికలు, పుస్తకాల పీడీఎఫ్‌లలో పైకి అక్షరాలు కనిపిస్తాయి. కాపీ చేస్తే అర్థం లేని గుర్తులు వస్తాయి. యూనికోడ్ కాకపోవడం వల్ల ఏ రీడర్‌లోనూ వెతకడం కుదరదు.

చూపు లేనివారికి ఈ బొమ్మ పీడీఎఫ్‌లు పూర్తిగా మూగవి. స్క్రీన్ రీడర్ చదవడానికి అక్షరాలుండాలి, శీర్షికలు, పేరాల క్రమం తెలియాలి. స్క్రీన్ రీడర్‌తో వాడటానికి చిన్న రీడర్లు తరచూ సరిపోవు. వీరికి అడోబీ రీడర్ లేదా బ్రౌజర్ వ్యూయరే మెరుగు. వెబ్‌సైట్లలో పెట్టే పత్రాలు ఈపబ్ లేదా ఓసీఆర్ చేసిన పీడీఎఫ్ రూపంలో ఉండాలని వికలాంగుల హక్కుల నిబంధనలు 2017లోనే చెప్పాయి. అయితే ఆ నిబంధనల్లోని 15వ నియమం తప్పనిసరి చేయకుండా సూచనలతో సరిపెడుతోందంటూ, అది చట్టానికి విరుద్ధమని రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న తీర్పు చెప్పింది. తప్పనిసరి ప్రమాణాలు మూడు నెలల్లో రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది.

సొంత శ్రమతో మార్చుకోవాలనుకునేవారికి ఓసీఆర్‌మైపీడీఎఫ్ అనే ఉచిత ఉపకరణం ఉంది. అది టెసరాక్ట్ సాయంతో పేజీలోని అక్షరాలను గుర్తించి, బొమ్మ కింద కనిపించని పొరగా చేరుస్తుంది. టెసరాక్ట్‌కు తెలుగు కూడా వచ్చు, తెలుగు భాషా ఫైలును విడిగా జతచేయాలి. శుభ్రంగా ముద్రించిన పేజీ మీద బాగా పనిచేస్తుంది. ముద్ర పడిన చోట, వంకరగా స్కాన్ చేసిన చోట తడబడుతుంది. రెండు వందల పేజీల ఫైలైతే మామూలు ల్యాప్‌టాప్‌లో చాలాసేపే పడుతుంది కాబట్టి రాత్రి పెట్టి పడుకోవచ్చు. అలా తయారైన ఫైలును సుమత్రాలో తెరిచి పేరు టైపు చేస్తే, గుర్తింపు సరిగ్గా జరిగిన మేరకు దొరుకుతుంది. ఇంటిపేరుతో దొరక్కపోతే అసలు పేరులో రెండు మూడు అక్షరాలతో వెతకాలి.